స్టోరులో పోపుల డబ్బా

పద్నాలుగేళ్లు నాకు ఆదివారం అంటే సెలవు కాదు. పొద్దున తొమ్మిదింటికల్లా అబిడ్స్‌లో ఉండాలి. ఫుట్‌పాత్ నిండా పరిచిన పాత పుస్తకాలను తొక్కకుండా, అమ్మేవాళ్ల చేత తిట్లు తినకుండా, రెండు చెప్పుల దుకాణాల మధ్యనున్న ఇరుకు మెట్లు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాలి. అక్కడే మా శిక్షణ సంస్థ. లిఫ్ట్ ఉందని కరపత్రంలో వేసేవారు. అది పనిచేస్తుందని మాత్రం ఎక్కడా వేయలేదు.

నేను చెప్పిన పాఠం ప్రొడక్షన్, ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్. ఫ్యాక్టరీలో ఏ సరుకు ఎంత తయారు చేయాలి, దానికి ముడిసరుకు ఎప్పుడు తెప్పించాలి, గోదాములో ఎంత నిల్వ ఉంచాలి, ఇదీ విషయం. విదేశీ సంస్థ ఒకటి దీనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. కంప్యూటర్ ముందు మూడున్నర గంటలు కూర్చోవాలి, అంతా ఇంగ్లీషు, ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు. ఆ నాలుగూ సరైనవే అనిపిస్తాయి. ఇది చదివే మీలో చాలామంది దాని కోసమే చదువుతున్నారు కాబట్టి అంతకంటే చెప్పక్కర్లేదు.

మిగతా ఆరు రోజులు నేను ఫ్యాన్లు తయారుచేసే ఒక కంపెనీలో ప్లానింగ్ ఆఫీసరుని. ఏసీ గదిలో కూర్చుని, ఏ భాగం ఎన్ని కావాలో కంప్యూటర్‌లో తేల్చి కింద స్టోరుకి పంపేవాణ్ని. ఒక్కరోజు కూడా స్టోరు తాళం నా చేతిలో లేదు. ఒక్క నట్టు తక్కువైందని ఎవరూ నా మీద అరవలేదు. సరుకు ముట్టుకోకుండా సరుకు గురించి గంటలు గంటలు మాట్లాడటంలో నా అంత మొనగాడు ఈ ఊళ్లో లేడని నా నమ్మకం. నా దగ్గర చదివినవాళ్లు బాగానే పాసయ్యేవారు కూడా. దాంతో నోటికి అదుపు లేకుండా పోయింది. ఎవరైనా తప్పు జవాబు చెబితే వెక్కిరించడం నా బోధనలో ఒక భాగం. తరగతి నవ్వేది, నాకు సంతోషంగా ఉండేది.

ఆ నోటితోనే ఒకసారి నేను చేసిన పొరపాటు గురించి చెప్తాను. రిటైరై రెండేళ్లయింది కాబట్టి ఇప్పుడు చెప్పుకోవడానికి పెద్దగా సిగ్గు లేదు.

నాంపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్ ఉంది. డైరీలు, క్యాలెండర్లు, బడి నోటు పుస్తకాలు వేస్తారు. నేను పాఠం చెప్పిన చివరి ఏడాది వాళ్లు ఐదుగురిని మా క్లాసుకి పంపారు. నలుగురు ఊరికే విని నేర్చుకోవడానికి. పరీక్ష మాత్రం ఒక్కరే రాయాలి. ఆమె స్టోరు చూసే ఆవిడ, నలభై అయిదేళ్లుంటాయి. ప్రెస్సులో అందరూ ఆమెను స్టోరక్క అంటారు. సిద్దిపేట వైపు పల్లె నుంచి వచ్చి, బైండింగ్ విభాగంలో కాగితాలు మడతపెట్టే పనితో మొదలై, దూరవిద్యలో డిగ్రీ చేసి స్టోరు దాకా వచ్చింది. ఇన్‌చార్జ్‌గా ఉన్నాయన రిటైరయ్యాక ఎనిమిదేళ్లుగా ఆ పనంతా ఆమే చేస్తోంది. కాగితం మీద మాత్రం అసిస్టెంటే.

ప్రెస్సులో చిన్న మేడమ్ అని పిలిచే ఓనరు కూతురు తండ్రి నుంచి పగ్గాలు తీసుకుని ఒక నిర్ణయం చేసింది. ఈ సర్టిఫికెట్ తెచ్చుకుంటే స్టోరక్కే ఇన్‌చార్జ్. లేదంటే సర్టిఫికెట్ ఉన్నవాళ్లను బయటి నుంచి తెచ్చి పైన కూర్చోబెడతారు. కంపెనీ రెండుసార్లు ఫీజు కడుతుంది, మూడోసారి లేదు. స్టోరక్క అప్పటికే ఆన్‌లైన్ పాఠాలు విని ఒకసారి రాసి కొద్దిలో తప్పింది. ఇక మిగిలింది ఒక్కసారే.

మొదటి రెండు వారాల్లోనే ఆమె ఎందుకు తప్పిందో నాకు అర్థమైంది. లేదా అర్థమైందనుకున్నాను. తెలివికి లోటు లేదు. లెక్క ఇస్తే నాకంటే ముందు చేసేది. కానీ నిల్వ ఎంత ఉంచాలి అనే ప్రశ్న ఏది వచ్చినా, నాలుగు జవాబుల్లో ఏది ఎక్కువో అదే పెట్టేది. "పుస్తకం తక్కువ ఉంచమంటోంది కదమ్మా" అంటే, "పుస్తకానికేం సార్, దాని మిషిన్ ఆగదు" అనేది.

మూడో ఆదివారం పల్లీల ఆట పెట్టాను. ప్రతి బ్యాచ్‌కీ పెడతాను. నాలుగు బల్లలు. ఒకటి దుకాణం, ఒకటి డీలరు, ఒకటి గోదాం, ఒకటి ఫ్యాక్టరీ. సరుకు బదులు పల్లీలు. దుకాణానికి ఎన్ని కావాలో నేను చీటీ ఇస్తాను. ఒక బల్ల పక్క బల్లని అడుగుతుంది, అది ఆ పక్క బల్లని అడుగుతుంది. మాట్లాడుకోకూడదు, చీటీలే. ఈ ఆటలో ఎప్పుడూ జరిగేది ఒకటే. దుకాణంలో గిరాకీ పెద్దగా మారదు. కానీ తక్కువ పడుతుందేమోనని ప్రతి బల్లా కొంచెం కలిపి అడుగుతుంది. ఆ కొంచెం మీద పక్కవాళ్లు ఇంకొంచెం కలుపుతారు. పావుగంట తిరిగేసరికి ఒక బల్ల మీద పల్లీల కుప్ప, ఇంకో బల్ల మీద ఖాళీ పళ్లెం. అప్పుడు నేను లేచి, గెడ్డం నిమురుకుంటూ, "చూశారా మీ తెలివి" అని మొదలుపెడతాను.

ఆ రోజు గోదాం బల్ల స్టోరక్కది. ఆట మొత్తంలో ఆమె ఒక్కసారి కూడా లేదనలేదు. ఎవరెంత అడిగితే అంత ఇచ్చింది. పద్నాలుగేళ్లలో ఏ బల్లా అలా ఆడలేదు. ఆట అయ్యాక లెక్క చూస్తే ఆమె కాగితంలో నాలుగు, పళ్లెంలో నాలుగు. బాగానే ఉంది. కానీ నేను ఆటకి ముందు పల్లీలు లెక్కపెట్టి ఇస్తాను. నాలుగు బల్లలవీ కలిపితే ముప్పై తక్కువ వచ్చాయి.

వాళ్ల ప్రెస్సు మెషిన్‌మన్ వెనక బెంచీలో కూర్చుని కిసుక్కుమన్నాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, మాటకారి. "సార్, మా అక్క టిఫిన్ డబ్బా మూత తీసి చూడుండ్రి."

మూత కింద ఉన్నాయి పల్లీలు. ఫ్యాక్టరీ బల్ల ఇచ్చిన ప్రతి పదికీ ఆమె కాగితంలో తొమ్మిది రాసి, ఒకటి పక్కన పెట్టుకుంది.

"ఏందమ్మా ఇది?"

"జాగ్రత్త సార్. ఎప్పుడన్న తక్కువ పడితే ఉంటయని."

నేను తరగతి వైపు తిరిగాను. మంచి అవకాశం దొరికింది కదా. "రికార్డుల లేని సరుకు స్టోరుకీపరు దగ్గర దొరికితే దాన్నేమంటరో ఎరికేనా? దొంగ సరుకంటరు. మన గోదాంల దొంగ దొరికింది!"

తరగతి గొల్లుమంది. ఆమె నవ్వలేదు. డబ్బా ఎత్తి ముప్పై పల్లీలూ నా ముందు బల్ల మీద పోసింది. "లెక్క పెట్టుకోండి సార్. ఒక్కటి కూడ తినలే" అంది. పుస్తకాలు సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం రాలేదు. పరీక్షకు నెల రోజులే ఉంది. క్లాసయ్యాక మెషిన్‌మన్ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈసారి నవ్వు లేదు.

"అక్క ఇగ రానన్నది సార్. పరీక్ష కూడ రాయదంట. బయటోళ్లు వస్తే రానీ అంటున్నది."

"అరే, నేను తమాషాకు అన్నానయ్యా."

"మీకు తమాషా సార్. స్టోర్ల పనిచేసేటోళ్లకు గా మాట తమాషా కాదు. డబ్బా సంగతి చెప్పింది నేనే, నాది కూడ తప్పే. ఎనిమిదేండ్ల సంది పేపరు లేదని మా మిషిన్ ఒక్కపూట ఆగలే. గది మీకు తెల్వాలె."

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి బాగానే పట్టింది. మనసు పీకింది మర్నాడు ఆఫీసులో. మా స్టోరు ముసలాయన ఏదో బేరింగు గురించి పైకి వచ్చి, నా గది తలుపు దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్లాడు. పాతికేళ్లుగా ఆయన అక్కడే నిలబడుతున్నాడు, నేను లోపలికి రమ్మన్న గుర్తు లేదు. ఆ మనిషిని ఎవరైనా నలుగురిలో దొంగ అంటే ఎలా ఉంటుందని అప్పుడు తోచింది. మంగళవారం సెలవు పెట్టి నాంపల్లి వెళ్లాను.

ప్రెస్సు స్టేషన్ వెనక సందులో ఉంది. లోపల అడుగు పెడితే కాగితం వాసన, ఇంకు వాసన కలిసి గొంతులో పడతాయి. స్టోరక్క నన్ను చూసి లేచి నిలబడింది. "రండ్రి సార్" అంది. స్టోరంతా తిప్పి చూపించింది. కాగితం రీములు పరిమాణం వారీగా, బరువు వారీగా పేర్చి ఉన్నాయి. రీము అంటే అయిదు వందల షీట్ల కట్ట. ప్రతి వరసకీ కార్డు. ఏ కార్డు చూసినా కంప్యూటర్‌తో సరిపోతోంది. నా పుస్తకంలో బొమ్మ వేసుకోదగ్గ స్టోరు.

"అమ్మా, నేను స్టోరు చూడటానికి రాలే. తప్పైందని చెప్పటానికి వచ్చిన. నా నోరు మంచిది కాదు. నలుగురిలో ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి" అన్నాను.

ఆమె చేతిలోని కార్డు యథాస్థానంలో పెట్టి, "మీరు అన్నది నిజమే సార్. గందుకే కోపమొచ్చింది" అంది. గోడవారగా ఉన్న పాత ఇనుప అల్మారా దగ్గరికి తీసుకెళ్లి తాళం తీసింది.

అల్మారా నిండా గోధుమరంగు కాగితం చుట్టిన రీములు. ఒక్కటీ కంప్యూటర్‌లో లేదు. "గిది నా పోపుల డబ్బా సార్. ఇంట్ల కూరగాయ ఉన్నా లేకున్నా పోపుల డబ్బా నిండుగుండాలె కద."

ఎక్కడి నుంచి వచ్చాయని అడిగాను. ప్రెస్సు పనిలో ఒక పద్ధతి ఉంది. వెయ్యి కాపీలు వేయాలంటే వెయ్యి షీట్లు ఇస్తే చాలదు. రంగు కుదిరేదాకా కొన్ని చెడిపోతాయి, కోతలో కొన్ని, బైండింగ్‌లో కొన్ని. అందుకని పైన కొన్ని కలిపి ఇస్తారు. దాన్నే వేస్టేజీ అంటారు. మెషిన్ నడిపేవాడు జాగ్రత్తపరుడైతే ఆ కలిపినవాటిలో మంచి షీట్లు మిగులుతాయి. మిగిలినవి ఎవరూ తిరిగి లెక్కలో రాయరు. స్టోరక్క వాటిని ఏరి, దులిపి, అంచులు సరిచేసి, అయిదు వందలు కాగానే కట్ట కట్టి ఇక్కడ పెట్టేది.

కట్టల పక్కనే ఒక పొడుగు పుస్తకం ఉంది. తెరిచి నిలబడే చదివాను. ఏ కట్ట ఏ పనిలో మిగిలిందో, ఎప్పుడు ఏ కష్టానికి తీసిందో, మళ్లీ ఎప్పుడు నింపిందో తెలుగులో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. 'వానలకు కాగితం తేమ పట్టి వంకర పోతది, శ్రావణం దాక వేస్టేజీ ఎక్కువ.' 'ఈ మిల్లు లారీ పండుగ ముందర ఎన్నడు టైముకు రాదు, మూడు రోజులు ఎక్కువ పెట్టుకోవాలె.' 'ఈ కంపెనీ రీము విప్పితే నాలుగైదు షీట్లు తక్కువుంటయి.'

కాళ్లు నొప్పి పుట్టేదాకా చదివాను. నేను పద్నాలుగేళ్లుగా సేఫ్టీ స్టాక్ అనే పాఠం చెబుతున్నాను. అనుకోని కష్టానికి ఎంత నిల్వ విడిగా ఉంచాలి అనే సూత్రం. బోర్డు మీద సూత్రం రాసి, అంకెలు వేసి, జవాబు కింద గీత గీస్తాను. ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో ఏ విద్యార్థీ అడగలేదు, నేనూ చెప్పలేదు. అవి ఇక్కడి నుంచి వస్తాయి. వానలోంచి, లారీలోంచి, తక్కువొచ్చిన నాలుగు షీట్లలోంచి.

"అమ్మా, మీ పరీక్ష పుస్తకం ఇదే. మీకు పాఠం ముందే వచ్చు. పేర్లే తెలియవు" అన్నాను.

"మరి ఫెయిల్ ఎందుకైన సార్?"

దానికి జవాబు ఆమే చూపించింది. స్టోరు చివర చీకటి మూలకి తీసుకెళ్లింది. అక్కడ అడుగున నున్నటి ఆర్ట్ పేపరు కట్టలు పసుపు పచ్చగా మారి ఉన్నాయి. ఎవరికీ పనికిరావు. నిల్వ తక్కువుందని కంప్యూటర్ చూసి పైనవాళ్లు ఎక్కువ కొన్నారు. ఆమె దగ్గర అల్మారాలో అదే కాగితం ఉందని వాళ్లకు తెలియదు. కొన్నదీ మిగిలింది, దాచిందీ మిగిలింది. పరీక్షలో తప్పిందీ ఇలా ఎక్కువ పెట్టుకునే జవాబులతోనే.

"చెప్పొచ్చు కదమ్మా ఉన్నదని?"

"చెప్తే గుంజుకుంటరు సార్. ఉన్నదంటే ఊకుంటరా? ఖర్చు చేస్తరు. ఆనక లారీ రాని రోజు 'ఏంది అక్కా, పేపర్ లేదా' అని నా మీదికే వస్తరు. ఉన్నన్ని రోజులు ఎవరు అడగరు, లేనినాడు అందరు అడుగుతరు."

ఈ కారణం నా పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆదివారం ఆమె వచ్చింది. నేను తరగతి ముందు మళ్లీ క్షమాపణ చెప్పి, మార్కరు ఆమె చేతికిచ్చి సేఫ్టీ స్టాక్ పాఠం చెప్పమన్నాను. కాసేపు తడబడింది. తర్వాత వాన దగ్గర మొదలుపెట్టింది. మందుల కంపెనీ కుర్రాళ్లు, బిస్కెట్ ఫ్యాక్టరీ ఆయన, అందరూ తమ తమ వానలు, లారీలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు సూత్రం బోర్డు మీద చివర్లో వచ్చింది, అందరికీ అర్థమై వచ్చింది. నా పద్నాలుగేళ్లలో అంత మంచి క్లాసు లేదు. అది నేను చెప్పింది కాదు.

కానీ నమూనా పరీక్షల్లో ఆమెకు మళ్లీ అవే తప్పులు. పాఠం వచ్చు, చెయ్యి మాత్రం పెద్ద అంకె వైపే పోతోంది. ఎందుకని ఇద్దరం ఒక సాయంత్రం చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. చివరికి ఆమే అంది.

"గీ పుస్తకంల జవాబులన్నీ రికార్డు నిజమైతేనే కరెక్టు సార్. కంప్యూటర్ల పది అంటే పదే ఉండాలె. నా కాడ పది అంటే పది కాదాయె. ఎనిమిదేండ్ల సంది నా అంకెను నేనే నమ్మలే. ఇగ పరీక్షల అంకెను ఎట్ల నమ్ముత?"

"అయితే?"

"చిన్న మేడమ్‌కు చెప్పేస్త. అల్మారా తెరుస్త."

పిరికి సలహా ఇచ్చింది నేనే. ముందు పరీక్ష రాయండి, పాసయ్యాక చెప్పుకోవచ్చు అన్నాను. రికార్డు లేని సరుకు బయటపడితే ఉద్యోగం ఊడొచ్చు, పోలీసు కేసు కూడా కావచ్చు. దొంగ అని తేలిగ్గా అన్న నోరే ఇప్పుడు ఆ మాట ఎక్కడ నిజమవుతుందోనని ఎండిపోతోంది. ఆమె వినలేదు. "మీరు జర పక్కన నిలబడుండ్రి సార్, చాలు" అంది.

పరీక్షకు వారం ముందు శనివారం పొద్దున. చిన్న మేడమ్ నలభై లోపు మనిషి. తక్కువ మాట్లాడుతుంది. స్టోరక్క అల్మారా తెరిచి, పుస్తకం ఆమె చేతిలో పెట్టి, మొత్తం చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు.

"ఎన్నేండ్ల సంది?"

"ఎనిమిదేండ్లు మేడమ్."

"నాన్నకు తెల్సా?"

"తెల్వదు."

చిన్న మేడమ్ పుస్తకం మూసింది. "ప్రతి కట్ట విప్పి లెక్కపెట్టుండ్రి. పుస్తకంతోటి కలవాలె. కలిస్తే సరే. కలవకుంటే అక్కా, ఇగ మాట్లాడేది ఏం ఉండది."

బైండింగ్ మేస్త్రీని పిలిచారు. ఆయనా ఇంకో ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. కాగితాన్ని విసనకర్ర మాదిరి విప్పి, వేళ్లతో అయిదేసి షీట్లు లెక్కపెట్టడం వాళ్లకు చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య. పెదాలు కదులుతాయి, చప్పుడు రాదు. ఒక్కో కట్ట లెక్క తేలగానే నేను పుస్తకంలో చూసి టిక్కు పెట్టాలి. అయిదు వందలు, టిక్కు. అయిదు వందలు, టిక్కు. స్టోరక్క గోడకి ఆనుకుని నిలబడింది. మెషిన్‌మన్ మెషిన్ ఆపకుండానే ప్రతి పది నిమిషాలకీ తొంగి చూసి పోతున్నాడు.

భోజనాల వేళ దాటాక మేస్త్రీ ఒక కట్ట దగ్గర ఆగాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "నాలుగొందల తొంభై ఆరు" అన్నాడు.

నా పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. చిన్న మేడమ్ స్టోరక్క వైపు చూసింది. స్టోరక్క కదల్లేదు. "పుస్తకం చదవుండ్రి సార్" అంది.

ఆ వరస చివర చిన్న అక్షరాలున్నాయి. 'ఇది మిల్లు కట్టే, పనికి ఇస్తే విప్పకుండనే మిగిలింది. చేతుల ఎత్తి చూస్తే నాలుగు షీట్లు తక్కువ అనిపిస్తున్నది.' పైకి చదివాను. మేస్త్రీ కట్టని చేతిలో ఎత్తి చూసి, "నలభై ఏండ్ల సంది కాగితం మోస్తున్న, నాకు కూడ గంత తెల్వదు" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి చివరి కట్ట అయింది. పుస్తకానికీ కాగితానికీ ఒక్క షీటు తేడా లేదు.

చిన్న మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "నా కంప్యూటర్ కంటె నీ పుస్తకం నయం అక్కా" అంది. తర్వాత అక్కడున్నవాళ్లందరినీ చూసి అడిగింది. "ఇంకెవరి దగ్గరన్న ఇట్ల ఉన్నదా? గిప్పుడు చెప్తే ఏమనను."

మెషిన్‌మన్ దగ్గాడు. మెషిన్ వెనక్కి వెళ్లి, చెక్క పలక తీసి, సీలు విప్పని ఇంకు డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి నేల మీద పెట్టాడు. అవి పదకొండు. "అక్క ఇయ్యనంటదేమోనని మేడమ్" అన్నాడు. క్లాసులో మూత తీసి చూడమన్నది ఈ మహానుభావుడే. మేస్త్రీ లేచి, నిచ్చెన ఎక్కి అటక మీద నుంచి దారం రీళ్లు, బంగారు రంగు రేకు చుట్టలు దించాడు. కొనుగోళ్లు చూసే ఆయన తల గోక్కుని, "అక్క పది అడిగితే పదిహేను తెప్పిస్తున్న, ఎందుకైన మంచిదని" అన్నాడు. చూస్తుండగానే నేల మీద ఒక చిన్న దుకాణం వెలిసింది. నేను పల్లీలతో పద్నాలుగేళ్లు చూపించింది ఇక్కడ ఎనిమిదేళ్లుగా నిజంగా జరుగుతోంది.

చిన్న మేడమ్ ఆ కుప్పని చూసి నవ్వడం మొదలుపెట్టింది. "నా కాడ కూడ ఉన్నది" అంది. "సరుకు కాదు, రోజులు. పని ఇచ్చిన పార్టీ పదో తారీఖు అంటే మీకు ఏడు అని చెప్త."

"మాకెర్కే మేడమ్" అన్నాడు మెషిన్‌మన్. "గందుకే మేం పదో తారీఖుకే ఇస్తం."

అందరం పడి పడి నవ్వాం. స్టోరక్క అయితే నవ్వుతూ నవ్వుతూ గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. చిన్న మేడమ్ మొజంజాహీ మార్కెట్‌కి మనిషిని పంపి అందరికీ ఐస్‌క్రీం తెప్పించింది. తింటూనే కొత్త పద్ధతి చెప్పింది. దాచినవన్నీ సోమవారం కంప్యూటర్‌లోకి ఎక్కాలి. అత్యవసర నిల్వ అని విడిగా ఒక వరస ఉంటుంది. అది ఎంత ఉండాలో స్టోరక్కే తేలుస్తుంది, ఆమె సంతకం లేకుండా తాను అడిగినా ఇవ్వకూడదు. తారీఖు మాత్రం ఇకనుంచి తాను అసలుదే చెబుతుంది.

యువ మిత్రులారా, నిల్వలు పెరగడానికి మీ పుస్తకంలో చాలా కారణాలు రాసి ఉంటాయి. అవన్నీ చదవండి, మార్కులొస్తాయి. కానీ ఎక్కడైనా సరుకు దాచిపెట్టి కనిపిస్తే, అక్కడ ఎవరో ఎవరినో నమ్మలేకపోయారని గుర్తుపెట్టుకోండి. దాచినవాళ్లను తిట్టకముందు, వాళ్లు ఎందుకు భయపడ్డారో అడగండి. నేను అడగలేదు. ఆ మాట అనేశాను. నా అదృష్టం బాగుండి ఆమె నాకు ఇంకో అవకాశం ఇచ్చింది.

పరీక్ష మరుసటి శుక్రవారం, నాంపల్లిలోనే. నేను రావక్కర్లేదని ఆమె అంది, అయినా వెళ్లాను. లోపలికి పోయేముందు ఆమె ఫోను, గడియారం, చేతి సంచి అన్నీ తీసి లాకర్‌లో పెట్టించారు. నేను ఎదురుగా ఇరానీ హోటల్‌లో కూర్చుని మూడున్నర గంటల్లో ఎన్ని చాయ్‌లు తాగానో చెప్పను, మా ఆవిడ ఇది చదువుతుంది. సొంత పరీక్షలకు కూడా అంత భయపడలేదు.

మధ్యాహ్నం ఆమె మెట్లు దిగి వచ్చింది. చేతిలో ప్రింట్ తీసిన కాగితం ఉంది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఫుట్‌పాత్ మీద నా ఎదురుగా నిలబడి కాగితం నా చేతికిచ్చింది. "మీరే చదవుండ్రి సార్. నేను చదివిన, కాని నమ్మబుద్ధి అయితలేదు."

పాస్. చాలా మంచి మార్కులతో పాస్. నిల్వల విభాగంలో దాదాపు అన్నీ సరైనవే. నేను రెండుసార్లు చదివి, మూడోసారి పైకి చదివాను. దారిన పోయేవాళ్లు చూస్తున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

అప్పుడే ఆమె ఫోను మోగింది. మిల్లు నుంచి కాగితం తెచ్చిన లారీ డ్రైవరు. గట్టిగా మాట్లాడుతున్నాడు, నాకూ వినిపిస్తోంది. గేటు దగ్గర ఉన్నాడట, ఎక్కడ దించాలో చెప్పాలట, ఇన్‌చార్జ్ సారుకి ఫోనియ్యమంటున్నాడు. లారీవాళ్లకి ఇది మామూలే. ఆడగొంతు వినగానే వెనకాల ఇంకెవరో సారు ఉంటాడనుకుంటారు. ఎనిమిదేళ్లుగా ఆమె "సార్ లేడు, నాకు చెప్పు" అనే జవాబిస్తూ వచ్చిందట.

స్టోరక్క కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"ఇన్‌చార్జ్‌నే మాట్లాడుతున్న" అంది. "బండి లోపలికి పెట్టు. ఒక్క కట్ట కూడ దించకు, నేనొచ్చి చూసినంక దించుదువు. ఇగో, వస్తున్న."